దొంగ గ్రిడ్: ఇన్వర్టర్‌కి పరీక్ష పెట్టే యాంప్లిఫయర్ కథ

ఈసారి కథ ఒక మంటతో మొదలవుతుంది.

2016 ఆగస్టు 16. అమెరికాలో, దక్షిణ కాలిఫోర్నియాలో కహోన్ పాస్ అని ఒక కొండ కనుమ ఉంది. అక్కడ కార్చిచ్చు అంటుకుంది. దానికి బ్లూ కట్ ఫైర్ అని పేరు పెట్టారు. ఆ కనుమలోంచే 500 కిలోవోల్టుల పెద్ద లైన్లు వెళ్తాయి. మామూలుగా రెండు తీగల మధ్య గాలి అడ్డుగోడలా ఉంటుంది. పొగా, వేడీ చేరాయనుకోండి, ఆ గాలే కరెంటుకి దారి ఇచ్చేస్తుంది. లైన్ షార్ట్ అవుతుంది. ఆ ఒక్క రోజులో 500 కిలోవోల్టుల లైన్ల మీదే అలా 13 సార్లు జరిగింది.

అందులో ఉదయం 11:45కి జరిగిన ఒక షార్ట్ గురించి చెప్తాను. బ్రేకర్లు తమ పని చక్కగా చేశాయి. సుమారు 40 మిల్లీసెకన్లలో ఆ లైన్‌ని విడగొట్టేశాయి. మీరు కనురెప్ప వేసి తీసేలోపు అయిపోయింది. కానీ ఆ కాస్త టైమ్‌లోనే దాదాపు 1,200 మెగావాట్ల సోలార్ కరెంటు గ్రిడ్‌లోంచి మాయమైంది. ఎంతో అర్థం కావాలంటే, మన కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్ మొత్తం సామర్థ్యం 1,000 మెగావాట్లు. అంతకంటే ఎక్కువ అన్నమాట.

ఇక్కడ విచిత్రం ఏంటంటే, సోలార్ ప్యానెళ్లు కాలిపోలేదు. ఎండ బాగానే ఉంది. మరి కరెంటు ఎందుకు ఆగింది?

ఉత్తర అమెరికా గ్రిడ్ భద్రత చూసే నెర్క్ అనే సంస్థ దీని మీద విచారణ చేసి, తర్వాతి ఏడాది రిపోర్ట్ ఇచ్చింది. అందులో తేలింది చదివినప్పుడు నేను కుర్చీలో ముందుకి వంగిపోయాను. ఎందుకంటే అది కరెంటు సమస్య అనేకంటే సాఫ్ట్‌వేర్ సమస్య అనాలి. ఇంకా చెప్పాలంటే, టెస్టింగ్ సమస్య.

సింపుల్‌గా చెప్తాను. సోలార్ ప్యానెల్ ఇచ్చేది డీసీ. గ్రిడ్‌లో నడిచేది ఏసీ. మధ్యలో మార్చేది ఇన్వర్టర్. మన ఇంట్లో కరెంటు పోతే బ్యాటరీతో ఫ్యాన్ తిప్పేది కూడా ఈ జాతిదే. గ్రిడ్‌కి కట్టిన ఇన్వర్టర్ మాత్రం ఇంకో పని కూడా చేయాలి. గ్రిడ్ వేవ్ ఎలా పోతోందో నిరంతరం చూస్తూ, దానితో కాలు కలిపి నడవాలి. అమెరికాలో ఆ వేవ్ సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మన దగ్గర 50 సార్లు. అదే ఫ్రీక్వెన్సీ. అది బాగా పడిపోతే గ్రిడ్ ప్రమాదంలో ఉందని లెక్క. అప్పుడు ఇన్వర్టర్ తప్పుకోవచ్చు.

ఆ రోజు అసలు ఫ్రీక్వెన్సీ 59.8 హెర్ట్జ్‌కి కిందికి వెళ్లనే లేదు. గ్రిడ్ కొంచెం తూలింది, అంతే. కానీ కొన్ని ఇన్వర్టర్లకి అది 57 కంటే కింద కనిపించింది. ‘అమ్మో, గ్రిడ్ కూలిపోతోంది’ అనుకుని క్షణంలో తప్పుకున్నాయి. పోయిన 1,200లో సుమారు 700 మెగావాట్లు ఈ తప్పు లెక్క వల్లే పోయాయి. మిగతాదాంట్లో ఎక్కువ భాగం, వోల్టేజ్ తగ్గిందని చూసి కాసేపు కరెంటు ఇవ్వడం ఆపిన ఇన్వర్టర్లది.

లేని 57 ఎక్కడినుంచి వచ్చింది? ఒక చిన్న లెక్క చేద్దాం. 60 హెర్ట్జ్‌లో ఒక ఊపుకి 16.67 మిల్లీసెకన్లు పడుతుంది. 57 హెర్ట్జ్‌లో 17.54. తేడా ఎంత? 0.9 మిల్లీసెకను కూడా లేదు. లైన్ షార్ట్ అయినప్పుడు వేవ్ నున్నగా ఉండదు. ఉన్నట్టుండి పక్కకి గెంతుతుంది. దీన్నే ఫేజ్ జంప్ అంటారు. ఆ గెంతుకి ఒక్క ఊపు 0.9 మిల్లీసెకను ఆలస్యంగా వచ్చిందనుకోండి. ఒక్క ఊపుని చూసి తీర్పు చెప్పేసే సాఫ్ట్‌వేర్‌కి అది 57 హెర్ట్జ్‌లా కనిపిస్తుంది. బస్సు ఒక స్టాప్‌లో రెండు నిమిషాలు లేటైతే, ఈ రూట్‌లో ఇక బస్సులే రావు అని ఇంటికెళ్లిపోయినట్టు.

ఆ రోజు గ్రిడ్ నిలబడింది. కానీ అన్నిసార్లూ అలా ఉండదు. ఆరు వారాలు తిరిగేసరికి, 2016 సెప్టెంబర్ 28న, సౌత్ ఆస్ట్రేలియాలో భయంకరమైన గాలివాన. పెద్ద టవర్లు కూలాయి. రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజ్ కిందికి పడి లేచింది. అక్కడి కొన్ని విండ్ ఫామ్‌లలో కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కి ఒక సెట్టింగ్ ఉంది. ఇన్నిసార్లకంటే ఎక్కువ దెబ్బలు తగిలితే ఉత్పత్తి తగ్గించేయ్ అని. ఆ సెట్టింగ్ ఉందన్న విషయం గ్రిడ్ నడిపేవాళ్లకి తెలియదు. ఏడు సెకన్లు కూడా గడవకముందే 456 మెగావాట్లు పోయాయి. ఆ లోటు పూడ్చబోయి పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైన్ ఓవర్‌లోడ్ అయి తెగింది. రాష్ట్రం మొత్తం చీకటైపోయింది. సుమారు 8,50,000 కనెక్షన్లు.

సోలార్ చెడ్డది, గాలిమర చెడ్డది అని నేను చెప్పట్లేదు. ఆస్ట్రేలియాలో ఆ సెట్టింగ్ మార్చడం పెద్ద పనేం కాలేదు. నా ప్రశ్న వేరు. ఇవి ముందే ఎందుకు బయటపడలేదు?

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. వీడియోల్లోకి రాకముందు నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేశానని మీకు తెలుసు కదా. ఒక ప్రాజెక్ట్‌లో పేమెంట్ భాగం నాది. అసలు బ్యాంక్ సర్వర్ మీద టెస్ట్ చేయలేం కాబట్టి, ఒక దొంగ సర్వర్ రాసుకున్నాను. ఏది అడిగినా టక్కున, నీట్‌గా జవాబిచ్చేది. టెస్టులన్నీ పాస్, స్క్రీన్ మొత్తం పచ్చగా ఉంది. లైవ్‌కి వెళ్లిన మొదటి పెద్ద సేల్ రాత్రి, అసలు సర్వర్ జవాబు లేటుగా ఇవ్వడం మొదలుపెట్టింది. నా కోడ్ ‘పని అవ్వలేదు’ అనుకుని మళ్లీ మళ్లీ అడిగింది. కొందరికి డబ్బు రెండేసిసార్లు కట్ అయింది. తెల్లవార్లూ కూర్చుని సరిచేశాం. అప్పుడు మా సీనియర్ అక్క ఒక మాట అంది: ‘నీ కోడ్ తప్పేరా, కానీ అంతకంటే పెద్ద తప్పు నీ దొంగ సర్వర్‌ది. అది మరీ మంచిది.’

అది మరీ మంచిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇన్వర్టర్లకీ ఇదే చిక్కు. అసలు గ్రిడ్ మీద షార్ట్ పెట్టి ఏం జరుగుతుందో చూద్దాం అంటే ఊళ్లు చీకటవుతాయి. అందుకే దొంగ గ్రిడ్ కావాలి. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1929లోనే అమెరికాలోని ఎంఐటీలో నెట్‌వర్క్ అనలైజర్ అని ఒకటి కట్టారు. గ్రిడ్ మొత్తాన్ని చిన్న చిన్న విద్యుత్ భాగాలతో ఒక గదిలో బొమ్మలా పేర్చారు. లైన్ తెగితే ఏమవుతుందో ఆ బొమ్మలో వైర్ తీసి చూసేవాళ్లు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1980ల చివర్లో కెనడాలోని మానిటోబాలో, గ్రిడ్ లెక్కల్ని రియల్ టైమ్‌లో చేసే డిజిటల్ సిమ్యులేటర్ తయారైంది. అంటే గ్రిడ్‌లో ఒక సెకను జరిగేదాన్ని సరిగ్గా ఒక సెకనులోనే లెక్కగట్టేస్తుంది.

కానీ కంప్యూటర్‌లో ఉన్న గ్రిడ్ ఉత్త అంకెలే. ఇన్వర్టర్ తీగకి అంకెలు తగిలిస్తే ఏం లాభం? దానికి నిజమైన వోల్టేజ్ కావాలి, నిజమైన కరెంటు ప్రవహించాలి. ఆ అంకెలకి కండ పెట్టేదే పవర్ యాంప్లిఫయర్. మన కథలో హీరో అదే.

యాంప్లిఫయర్ మనకి కొత్త కాదు. పెళ్లి పందిట్లో మైక్ వెనక ఉండే డబ్బా అదే. చిన్న సిగ్నల్ లోపలికి, అదే ఆకారంలో పెద్ద సిగ్నల్ బయటికి. ‘అదే ఆకారంలో’ అన్నచోటే అసలు కష్టం ఉంది. ఆ కష్టాన్ని తీర్చిన మనిషి దగ్గరికి, 1927కి వెళ్దాం.

అప్పటి సమస్య టెలిఫోన్. దూరప్రాంతాలకి మాట వెళ్లాలంటే దారి పొడవునా యాంప్లిఫయర్లు పెట్టాలి. ఒక్కోటీ మాటని కొంచెం వంకర చేస్తుంది. అలా పదులకొద్దీ దాటేసరికి, అవతల వినేది మాటో గోలో తెలియదు. హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీర్ దీని మీద ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకున్నాడు. 1927 ఆగస్టు 2 ఉదయం హడ్సన్ నది మీద ఫెర్రీలో ఆఫీసుకి వెళ్తుండగా ఐడియా తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే గీసేశాడు. అప్పుడు ఆయన వయసు 29. దాదాపు నా వయసే, నేనేమో బస్సులో రీల్స్ చూస్తుంటాను.

ఐడియా ఏంటంటే, బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి, లోపలికి వెళ్లే సిగ్నల్‌తో పోల్చు. తేడా ఉంటే ఆ తేడానే యాంప్లిఫయర్‌కి ఇచ్చి దిద్దుకోమను. దీనివల్ల కష్టపడి తెచ్చుకున్న బలంలో చాలా భాగం పోతుంది. బదులుగా నిజాయితీ వస్తుంది. దీన్నే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. బలం తగ్గించుకుంటే బాగుపడుతుంది అనే మాట అప్పట్లో ఎవరికీ సులువుగా మింగుడుపడలేదు. 1928లో పేటెంట్‌కి పెట్టుకుంటే, చేతికి వచ్చింది 1937లో.

ఇప్పుడు సోలార్ ఇన్వర్టర్ దగ్గరికి తిరిగొద్దాం. దాన్ని పరీక్షించే యాంప్లిఫయర్‌కి రెండు గుణాలు కావాలి.

ఒకటి, మింగడం కూడా రావాలి. పందిట్లో యాంప్లిఫయర్ స్పీకర్‌కి పవర్ ఇస్తుంది, స్పీకర్ తిరిగి ఏమీ పంపదు. సోలార్ ఇన్వర్టర్ అలా కాదు, అది పవర్‌ని ఎదురు తోస్తుంది. 10 కిలోవాట్ల ఇన్వర్టర్‌ని పరీక్షిస్తే, ఆ 10 కిలోవాట్లనీ యాంప్లిఫయర్ తీసుకోవాలి. అది కూడా వేవ్ ఆకారం చెడకుండా.

రెండోది బ్యాండ్‌విడ్త్. ఈ పదం మనకి ఇంటర్నెట్ ప్యాక్‌ల పుణ్యమా అని తెలుసు, కానీ ఇక్కడ అర్థం కొంచెం వేరు. ఎంత వేగంగా మారే సిగ్నల్‌ని కూడా సరిగ్గా పలికించగలదు అన్నది బ్యాండ్‌విడ్త్. వినాయక చవితికి కొన్ని డీజే బాక్సులు బేస్ మాత్రం గుండె అదిరేలా కొడతాయి, పాటలో మాట ఒక్కటీ అర్థం కాదు. బలం ఉంది, పై శబ్దాలు పలికే గుణం లేదు. అలాంటిదే.

ఇంజనీర్లకి ఒక బండ లెక్క ఉంది. 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే, వోల్టేజ్‌ని ఎంత త్వరగా మార్చగలదో తెలుస్తుంది. 200 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ అయితే 1.75 మిల్లీసెకన్లు. 10 కిలోహెర్ట్జ్ అయితే 35 మైక్రోసెకన్లు. ఇందాక ఇన్వర్టర్లని బెదరగొట్టిన తేడా ఎంత? 0.9 మిల్లీసెకను. 200 హెర్ట్జ్ యాంప్లిఫయర్‌తో ఆ షార్ట్‌ని మళ్లీ సృష్టించబోతే, పదునైన అంచు గుండ్రంగా అయిపోతుంది. దాని వెనకే వచ్చే సన్నటి వణుకులు అసలు కనపడవు. అంటే గతుకుల రోడ్డు మీద నడపాల్సిన బండిని తారురోడ్డు మీద నడిపి, ‘షాక్ అబ్జార్బర్లు సూపర్’ అని సర్టిఫికెట్ ఇచ్చినట్టు. మా అక్క మాటలో చెప్పాలంటే, ఆ దొంగ గ్రిడ్ మరీ మంచిది.

అయితే బ్యాండ్‌విడ్త్ పెంచేస్తే సరిపోదా? అక్కడే ఇంజనీర్లు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. దారులు రెండు.

మొదటి దారి లీనియర్ యాంప్లిఫయర్. ట్రాన్సిస్టర్‌ని కుళాయిలా సగం తిప్పి ఉంచుతారు. ఎంత కావాలంటే అంత, ఎప్పుడు కావాలంటే అప్పుడు. చాలా వేగం, చాలా నున్నన. పదుల కిలోహెర్ట్జ్ కూడా సులువే. కానీ సగం తిప్పిన కుళాయి దగ్గర ఆగిపోయిన పవర్ అంతా వేడి అవుతుంది. ఇన్వర్టర్ తోసిన 10 కిలోవాట్లని మింగాలంటే ఆ మొత్తాన్నీ వేడిగా వదలాలి. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఐదు ఒకే గదిలో పెట్టి ఆన్ చేసినట్టు. ఇక మెగావాట్లలో అంటే ఊహించుకోండి.

రెండో దారి స్విచింగ్ యాంప్లిఫయర్. కుళాయి సగం తిప్పడం లేదు. పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్, సెకనుకి వేలసార్లు. ఆన్ ఎంతసేపు, ఆఫ్ ఎంతసేపు అన్నదాన్ని మార్చి, ఆ ముక్కల్ని ఒక ఫిల్టర్‌తో నునుపు చేస్తే మనకి కావాల్సిన వేవ్ వస్తుంది. వేడి తక్కువ. మింగిన పవర్‌ని తిరిగి లైన్‌లోకి కూడా పంపేయొచ్చు. చిక్కు ఏంటంటే, ఆ ఫిల్టర్ ముక్కల్ని నునుపు చేస్తూ చేస్తూ, మనకి కావాల్సిన గతుకుల్ని కూడా నునుపు చేసేస్తుంది. మామూలుగా స్విచ్‌లు కొట్టుకునే వేగంలో పదో వంతు వరకే బ్యాండ్‌విడ్త్‌గా దక్కుతుంది అని ఒక మోటు అంచనా. పెద్ద పవర్‌కి వాడే ఐజీబీటీ స్విచ్‌లు సెకనుకి కొన్ని వేలసార్లే కొట్టుకుంటాయి. అంటే దక్కేది కొన్ని వందల హెర్ట్జ్.

ఈ గోడని కొంచెం కొంచెంగా పగలగొట్టారు. చాలా స్విచ్ మాడ్యూళ్లని ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకునేలా టైమింగ్ మార్చి కలిపితే, అన్నీ కలిసి ఒక వేగమైన స్విచ్‌లా పనిచేస్తాయి. కోలాటంలో ఒక్కరి కర్ర చప్పుడు మెల్లగా ఉన్నా, అందరివీ వరుసగా పడితే వేగంగా వినిపించినట్టు. తర్వాత 2010-11 ప్రాంతంలో సిలికాన్ కార్బైడ్ మాస్ఫెట్లు మార్కెట్లోకి వచ్చాయి. ఇవి ఎక్కువ వోల్టేజ్ దగ్గర కూడా సెకనుకి పదుల వేలసార్లు కొట్టుకోగలవు. దాంతో స్విచింగ్ యాంప్లిఫయర్లు కూడా కిలోహెర్ట్జ్‌ల్లో పలకడం మొదలుపెట్టాయి.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. సిమ్యులేటర్ వోల్టేజ్ లెక్కగట్టి చెప్తుంది, యాంప్లిఫయర్ ఇస్తుంది, ఇన్వర్టర్ కరెంటు తోస్తుంది, ఆ కరెంటుని కొలిచి మళ్లీ సిమ్యులేటర్‌కి పంపుతారు. దీన్ని పవర్ హార్డ్‌వేర్ ఇన్ ది లూప్ అంటారు. గుండ్రంగా తిరిగే ఈ దారిలో ప్రతిచోటా కొంచెం ఆలస్యం ఉంటుంది. ఆలస్యం ఎక్కువైతే ఏమవుతుంది? పందిట్లో మైక్ స్పీకర్ ముందుకి వస్తే ‘కూ’ అని అరుస్తుంది కదా, సరిగ్గా అదే. కాకపోతే ఇక్కడ అరిచేది శబ్దం కాదు, వందల వోల్టులు. యాంప్లిఫయర్ ఎంత వేగంగా ఉంటే అది కలిపే ఆలస్యం అంత తక్కువ. ఏ లూప్ నిలకడగా ఉంటుంది, ఏది అరుస్తుంది అని ముందే చెప్పే పద్ధతిని 1932లో హ్యారీ నైక్విస్ట్ రాశాడు. ఆయన కూడా బ్లాక్ పనిచేసిన బెల్ ల్యాబ్స్ మనిషే. టెలిఫోన్ మాట వంకర పోకుండా ఉండటానికి కనిపెట్టిన లెక్క, ఇవాళ సోలార్ ఇన్వర్టర్‌కి పరీక్ష పెట్టే ల్యాబ్‌లో కాపలా కాస్తోంది.

ఇప్పుడు మీలో కొందరికి ఒక డౌట్ వచ్చుంటుంది. 2016కి ముందు ఇలాంటి ల్యాబులు లేవా? ఉన్నాయి! కొలరాడోలో, అప్పట్లో ఎన్ఆర్ఈఎల్ అని పిలిచిన జాతీయ ల్యాబ్‌లో 7 మెగావోల్ట్-ఆంపియర్ల దొంగ గ్రిడ్ ఉంది. సౌత్ కరోలినాలో క్లెమ్సన్ యూనివర్సిటీది ఇంకా పెద్దది, 15. రెండూ 2013లో వచ్చినవే. మరి?

మెషీన్ ఉంటే చాలదు. దాన్ని ఏం అడగాలో తెలియాలి. అప్పటి నియమాల్లో వోల్టేజ్ ఇంత తగ్గితే ఏం చేయాలి, ఫ్రీక్వెన్సీ ఇంతకి పడితే ఏం చేయాలి అని ఉంది. వేవ్ ఉన్నట్టుండి పక్కకి గెంతితే తట్టుకో అనే షరతు లేదు. సిలబస్‌లో లేని ప్రశ్న పేపర్లో రాదు కదా. ఆ ప్రశ్నని చివరికి గ్రిడ్డే అడిగింది, కార్చిచ్చు రోజున.

ఆ తర్వాత సిలబస్ మారింది. ఆ ఇన్వర్టర్లలో ఫ్రీక్వెన్సీ పడిందని చూడగానే పారిపోకుండా, కాసేపు ఆగి నిర్ధారించుకునేలా మార్పులు చేశారు. చిన్న సోలార్ సిస్టమ్‌ల కోసం ఉన్న ఐట్రిపుల్ఈ 1547 ప్రమాణాన్ని 2018లో తిరగరాసినప్పుడు, వేవ్ 20 డిగ్రీల వరకు గెంతినా ఇన్వర్టర్ నిలబడాలి అని పెట్టారు. ఇందాకటి లెక్క గుర్తుందా, 60 హెర్ట్జ్‌లో 0.9 మిల్లీసెకను? డిగ్రీల్లోకి మార్చి చూడండి. సుమారు 19 వస్తుంది. ఆ షరతు నెరవేరిందో లేదో చూడాలంటే, అంత చటుక్కున గెంతగల యాంప్లిఫయర్ బల్ల మీద ఉండాల్సిందే.

ఇదంతా అమెరికా, ఆస్ట్రేలియా గోల, మనకెందుకు అనుకోకండి. మన కర్నూలు, అనంతపురం ఎండలో నిలబడ్డ ప్యానెళ్ల వెనకా, మీ పక్కింటి డాబా మీద సోలార్ వెనకా ఉన్నది ఇలాంటి ఇన్వర్టర్లే. పెద్ద టర్బైన్లకి బరువు ఉంటుంది, ఒక దెబ్బ తగిలినా ఆ ఊపులో తిరుగుతూనే ఉంటాయి. ఇన్వర్టర్‌కి ఆ బరువు లేదు. దానికున్నది సాఫ్ట్‌వేర్. మనలాంటి వాళ్లు రాసే సాఫ్ట్‌వేర్. అది చెడ్డ రోజున ఏం చేస్తుందో మనకి మంచి రోజునే తెలియాలి.

ఆ పేమెంట్ రాత్రి తర్వాత నేను నా దొంగ సర్వర్‌ని మార్చాను. కావాలని లేటు చేసేది, సగం జవాబిచ్చి ఆగిపోయేది, ఒకే జవాబు రెండుసార్లు పంపేది. మొదటి రోజు నా టెస్టుల్లో సగం ఎర్రగా మారాయి. స్క్రీన్ చూసి బాధేసింది, కానీ రాత్రి నిద్ర మాత్రం బాగా పట్టింది.

మీ పనిలో ఇలా ‘మరీ మంచి’ టెస్ట్ ఏదైనా మిమ్మల్ని మోసం చేసిందా? కాలేజ్ ల్యాబ్ అయినా, ఆఫీస్ అయినా, కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. ఎలక్ట్రికల్ బ్రాంచ్ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి, ఆ 19 డిగ్రీల లెక్క సరిచూసి చెప్తారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.